గోదావరి నీళ్ళతో ఫిల్ము కడగడం: పేటర్సన్ ట్యాంకు, ఐడీ-11 డెవలపర్‌ల సమీక్ష

నలుపు తెలుపు ఫిల్ము కడగడానికి అమ్మే రసాయనాల వెంట వచ్చే కాగితాల్లో 20 డిగ్రీల సెంటీగ్రేడుకు లెక్కకట్టిన సమయాలే ముందుగా కనిపిస్తాయి. రాజోలు దగ్గర మా ఊళ్ళో వైశాఖమాసపు మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నుంచి దిగే నీళ్ళలో చెయ్యి పెట్టలేము. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున కూడా అవి 24 డిగ్రీలకంటే కిందికి దిగడం నేను చూడలేదు. చలి దేశంలో తయారైన ఈ సామగ్రి కోనసీమ ఎండకూ ఉక్కకూ ఎంతవరకు తట్టుకుంటుందన్నదే ఈ సమీక్షలో నేను ముఖ్యంగా పరిశీలించిన విషయం. గత రెండేళ్ళలో మా స్నానాలగదిలో నలభైకి పైగా రీళ్ళు కడిగాను. వాడినవి పేటర్సన్ వారి రెండు స్పైరళ్ళ (ఫిల్మును చుట్టి ఉంచే గాడుల చట్రాల) ప్లాస్టిక్ ట్యాంకు, ఇల్ఫోర్డ్ వారి ఐడీ-11 పొడి డెవలపర్ (ఫిల్ము మీద బొమ్మను తేల్చే రసాయనం), అదే సంస్థ తయారుచేసే ర్యాపిడ్ ఫిక్సర్ (తేలిన బొమ్మను చెరగకుండా నిలిపే రసాయనం). ఫిల్ము దాదాపు ప్రతిసారీ ఇల్ఫోర్డ్ వారి నలుపు తెలుపు ఫిల్ము హెచ్‌పీ5 ప్లస్.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ట్యాంకు కొనదగినదే, డెవలపర్ కూడా కొనదగినదే. అయితే రెండింటినీ 20 డిగ్రీల దగ్గరే వాడి తీరాలని పట్టుబట్టినవారు మన ప్రాంతంలో నాలుగైదు రీళ్ళకే విసిగిపోతారు. 24 డిగ్రీలను మన ప్రమాణంగా పెట్టుకుని, డెవలపర్‌లో సమానంగా నీళ్ళు కలిపి పలచన చేసి, సమయాన్ని అందుకు తగినట్టు తగ్గించుకుంటే ఏడాది పొడుగునా నిలకడైన నెగెటివ్‌లు వస్తాయి.

మా మేనమామగారు పాలకొల్లులో చాలాకాలం ఫోటో స్టూడియో నడిపారు. 1960లో ఉదకమండలంలో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ సరుకు స్టూడియోల్లో చెలామణీ అయిన రోజులవి. ఆయన డార్క్‌రూమ్‌లో ట్యాంకు ఉండేది కాదు. కటిక చీకట్లో ఫిల్మును రెండు కొసలా పట్టుకుని, పళ్ళెంలోని డెవలపర్‌లో మునిగేటట్టు ఒక చెయ్యి పైకీ ఒక చెయ్యి కిందికీ ఆడిస్తూ, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ కడిగేవారు. నేను ఈ ట్యాంకు తీసుకువెళ్ళి చూపించినప్పుడు ఆయన మూత తిప్పి, లోపలి గొట్టం బయటికి లాగి, గరాటులోకి తొంగిచూసి, "ఇంత కన్నం ఉంటే వెలుగు లోపలికి పోదా అమ్మాయ్?" అని అడిగారు.

ఈ ట్యాంకు నిర్మాణమంతా ఆ ప్రశ్నకు సమాధానమే. మూతకు అమర్చిన గరాటూ, స్పైరళ్ళ మధ్య నిలబడే నల్లటి గొట్టమూ కలిసి ఒక వంకర దారిని ఏర్పరుస్తాయి. నీరు ఆ మలుపులు తిరిగి లోపలికి చేరుతుంది. తిన్నగా మాత్రమే సాగే వెలుతురు చేరలేదు. అందువల్ల ఫిల్మును స్పైరల్‌కు ఎక్కించి మూత బిగించేవరకే చీకటి అవసరం. ఆ తరువాతి పనంతా వసారాలో, పట్టపగలు, గడియారం ఎదురుగా పెట్టుకుని చేసుకోవచ్చు. ఆ నల్లటి గొట్టాన్ని పెట్టడం మరచి మూత వేస్తే మాత్రం వెలుతురు నేరుగా ఫిల్ము మీద పడుతుంది, రీలు మొత్తం పోతుంది. చీకట్లో తడుముకుంటున్నప్పుడు ఇలాంటి మరుపు సులభంగా జరుగుతుంది కనుక, గొట్టాన్ని ముందుగానే స్పైరల్‌కు తొడిగి పెట్టుకోవడం నాకు అలవాటైంది. ట్యాంకు అడుగున ఏ సైజు ఫిల్ముకు ఎంత ద్రవం కావాలో అచ్చులోనే పోసి ఉంటుంది: 35 ఎం.ఎం. రీలుకు 290 మిల్లీలీటర్లు, అంతకంటే వెడల్పైన 120 రీలుకు 500. స్పైరల్ రెండు భాగాలను తిప్పి విడదీసి వెడల్పు మార్చుకుంటే అదే స్పైరల్ రెండు సైజులకూ సరిపోతుంది.

ఇక స్పైరల్ గురించి కొంచెం ఎక్కువగా రాయాలి, ఎందుకంటే మన వాతావరణానికీ దానికీ అసలు పేచీ అక్కడే వస్తుంది. ఫిల్ము కొసను అంచున ఉన్న గాడిలోకి తోసి, రెండు భాగాలనూ ముందుకూ వెనక్కూ మార్చి మార్చి తిప్పుతూ ఉంటే, లోపల ఉన్న చిన్న ఉక్కు గుండ్లు ఫిల్మును పట్టి లోపలికి లాగుతాయి. పొడిగా ఉన్న స్పైరల్ మీద 36 ఫోటోల రీలు ఒక్క నిమిషంలో ఎక్కుతుంది. ఏ మాత్రం చెమ్మ ఉన్నా ఫిల్ము మీది జెలటిన్ ఉబ్బి గాడికి అతుక్కుపోతుంది. ఇది ఈ తరహా ప్లాస్టిక్ స్పైరళ్ళన్నింటికీ ఉన్న స్వభావమే. మొదటి ఆషాఢంలో ఆ సంగతి నాకు తెలియలేదు. అప్పటికి వెలుతురు చొరని ఛేంజింగ్ బ్యాగు అనే గుడ్డసంచిలో చేతులు పెట్టి ఫిల్ము ఎక్కించేదాన్ని. బయట ముసురు, లోపల రెండు పొరల గుడ్డ, చేతులకు పట్టిన చెమట. అయిదు నిమిషాలకల్లా ఆ సంచి లోపల ఆవిరి పట్టినట్టయింది. సగం రీలు ఎక్కాక ఫిల్ము ఆగిపోయింది. ఇంకొంచెం బలంగా తోశాను. టిక్కుమని చిన్న చప్పుడు వినిపించింది. నెగెటివ్ ఆరాక చూస్తే సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్ళే పంటు (రేవు దాటించే పడవ) మీద తీసిన ఫోటోల్లో ఏడింటి మీద నెలవంక ఆకారంలో నల్లటి మచ్చలు ఉన్నాయి. ఫిల్ము మడత పడినచోట వచ్చే మచ్చలవి, వాటిని తుడిచి తొలగించడం కుదరదు.

ఆ తరువాత సంచిని పక్కన పెట్టాను. రాత్రిపూట స్నానాలగది కిటికీకి నల్ల రగ్గు కట్టి, తలుపు కింది సందులో తడిలేని తువ్వాలు దోపి, అక్కడే ఎక్కిస్తున్నాను. గది అంతకుముందు రెండు మూడు గంటలు పొడిగా ఉండాలి, ఆ సాయంత్రం ఎవరూ స్నానం చేయకూడదు. స్పైరల్‌ను మధ్యాహ్నం ఎండలో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసిన స్టీలు డబ్బాలో మూతపెట్టి ఉంచి, ఎక్కించే క్షణంలో మాత్రమే బయటికి తీస్తాను. ఫిల్ము కొసను చీకటి చేయకముందే కత్తిరించి, రెండు మూలలనూ గోరు చివరలా గుండ్రంగా చేస్తే గాడికి తట్టుకోదు. నీటి చుక్కలు నిలవకుండా చివరి కడుగులో వాడే వెట్టింగ్ ఏజెంటు స్పైరల్ గాడుల్లో పేరుకుని జిగురుగా మారుతుంది కనుక, నెలకొకసారి పాత టూత్ బ్రష్‌తో వేడినీళ్ళలో తోమాలి. ఈ జాగ్రత్తలు తీసుకున్నప్పటినుంచి వానాకాలంలో కూడా ఒక్క రీలూ ఇరుక్కోలేదు.

డార్క్‌రూమ్ అనగానే ఎర్రబల్బు గుర్తుకొచ్చేవారి కోసం ఒక మాట చెప్పాలి. ఎర్రబల్బు ప్రింటు వేసే కాగితానికే. హెచ్‌పీ5 ప్లస్ వంటి ఫిల్ములు ఎరుపుతో సహా అన్ని రంగుల వెలుతురునూ గ్రహిస్తాయి. గీజరు మీద వెలిగే చిన్న ఎర్రచుక్కను కూడా టేపుతో మూసెయ్యాలి.

ఐడీ-11 రెండు పొట్లాలుగా వస్తుంది. మొదటి పొట్లం పూర్తిగా కరిగాకే రెండవది కలపాలి, నీళ్ళు 40 డిగ్రీల దగ్గర ఉండాలి. వేసవిలో డాబా మీది ట్యాంకు నీళ్ళే ఇంచుమించు ఆ వేడిలో ఉంటాయి గానీ, ఆ నీళ్ళు వాడవద్దని నా సలహా. ఆర్వో నీళ్ళను వెచ్చచేసి కలపడం మంచిది. ఈ డెవలపర్ 1920ల నాటి కొడాక్ డి-76 సూత్రానికి అతి దగ్గరది. ఆ సూత్రంలో లీటరుకు మెటాల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు ఉంటాయి. వెలుతురు తగిలిన వెండి లవణపు రేణువులను నల్లటి వెండిగా మార్చే పని మొదటి రెండింటిది. ఆ రెండూ గాలికి పాడైపోకుండా కాపాడుతూ, రేణువుల అంచులను కొద్దికొద్దిగా కరిగించి ఫోటోకు నునుపు తెచ్చేది సల్ఫైట్. బోరాక్స్ ద్రావణానికి కావలసిన కొద్దిపాటి క్షారాన్ని అందిస్తుంది. ఈ పట్టికలో సల్ఫైట్ పాలు ఎంత పెద్దదో చూస్తే, సమానంగా నీళ్ళు కలిపినప్పుడు ఫోటోలో ఏ మార్పు వస్తుందో ఊహించవచ్చు. రేణువులను కరిగించే గుణం సగానికి తగ్గుతుంది కనుక రేణువు కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది, గీతలు మాత్రం పదునుగా తేలతాయి. కొబ్బరాకుల ఈనెలనూ, వలల కన్నులనూ తీసేవారికి ఇది లాభమే. మెటాల్ కొందరి చర్మానికి పడదు. చేతికి గ్లవుజులు లేకుండా ఈ పని చెయ్యకూడదు.

కొనేటప్పుడు పొట్లం చూసుకోవాలి. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు పంపిన పెట్టెలో ఒక పొట్లం మూల చిట్లి, తెల్లగా ఉండవలసిన పొడి లేత గోధుమరంగుకు తిరిగింది. గాలీ తేమా తగిలి పాడైన డెవలపర్ అది. ఫోటో తీసి పంపి, మార్చి ఇమ్మని రెండుసార్లు రాసినా వారు పట్టించుకోలేదు. అప్పటినుంచి సరుకును జ్యేష్ఠం దాటకముందే తెప్పించుకుని, వానాకాలానికి సరిపడా ఇంట్లో పొడిగా దాచుకుంటున్నాను. ఒకసారి కలిపిన ద్రావణం నిండుగా పోసి మూత బిగించిన సీసాలో ఆరునెలలు, సగం ఖాళీ అయిన సీసాలో నెలరోజులు నిలుస్తుంది. ఒక లీటరును అయిదారు చిన్న సీసాల్లో అంచుల దాకా నింపి పెట్టుకుంటే ఆ తేడా మనకు కలిసివస్తుంది. సమానంగా నీళ్ళు కలిపి వాడినప్పుడు ఒక్కో 35 ఎం.ఎం. రీలుకు 150 మిల్లీలీటర్ల ద్రావణం ఖర్చవుతుంది, అంటే లీటరుకు ఆరు రీళ్ళు. నీళ్ళు కలిపిన డెవలపర్‌ను ఒకసారి వాడి పారబోయాలి, తిరిగి సీసాలో పోయకూడదు.

ఇప్పుడు వేడి సంగతి. హెచ్‌పీ5 ప్లస్‌ను 20 డిగ్రీల దగ్గర నీళ్ళు కలపని ఐడీ-11లో ఏడున్నర నిమిషాలు, సమానంగా నీళ్ళు కలిపిన దానిలో 13 నిమిషాలు కడగాలని తయారీదారుల పట్టిక చెబుతుంది. వేడి పెరిగినకొద్దీ రసాయన చర్య వేగం పెరుగుతుంది, సమయం తగ్గుతుంది. నీళ్ళు కలపని డెవలపర్‌ను 27 డిగ్రీల దగ్గర వాడితే ఆ ఏడున్నర నిమిషాలు సుమారు నాలుగుంపావుకు పడిపోతాయి. అయిదు నిమిషాలకు తగ్గిన సమయంలో ద్రవం పోయడానికీ వంపడానికీ పట్టే సెకన్లే ఫిల్ము మీద హెచ్చుతగ్గుల చారలుగా కనిపించే ప్రమాదం ఉంది. అదే పలచన చేసిన డెవలపర్ అయితే 24 డిగ్రీల దగ్గర నాకు 9 నిమిషాల 15 సెకన్లు కుదిరింది. తడబాటు లేకుండా పని చేసుకోవడానికి అది చాలినంత సమయం. ట్యాంకును మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేసి, ఆ తరువాత ప్రతి నిమిషం మొదట్లోనూ అలాగే నాలుగుసార్లు తిప్పి, చివర గట్టుమీద ఒకసారి తట్టితే అంటుకున్న గాలిబుడగలు విడిపోతాయి.

20కి దించడం అసాధ్యమేమీ కాదు. చేపల, రొయ్యల ఎగుమతి పుణ్యమా అని మన ప్రాంతంలో ఐసుకు కొదవలేదు, చేపల బజారులో అడిగితే చిన్న దిమ్మ ఎప్పుడైనా దొరుకుతుంది. చిక్కు డెవలపర్‌తో కాదు, ఆ తరువాతి నీళ్ళతో వస్తుంది. 20 డిగ్రీల డెవలపర్‌లోంచి తీసిన ఫిల్ము మీద 33 డిగ్రీల కుళాయి నీళ్ళు పోస్తే ఉబ్బిన జెలటిన్‌కు అది పెద్ద దెబ్బ. ఇప్పటి ఫిల్ములు పాతవాటికంటే గట్టివే అయినా, అన్ని ద్రవాలూ ఒకదానికొకటి అయిదు డిగ్రీల లోపు తేడాలో ఉండాలన్న నియమాన్ని దాటకపోవడమే మంచిది. కడగడానికి కావలసిన నాలుగైదు లీటర్లనూ 20కి దించి నిలబెట్టడం మే నెలలో ఒక మనిషి పని కాదు. 24 దగ్గర అయితే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో డెవలపర్, స్టాప్ (డెవలపర్ పనిని ఆపే ద్రవం), ఫిక్సర్, కడుగునీళ్ళ సీసాలను నిలబెట్టి, చుట్టూ నీళ్ళు పోసి, గుప్పెడు ఐసుముక్కలు వేస్తూ అరగంట కాపాడవచ్చు.

ఈ లెక్కలన్నీ థర్మామీటరు మీద ఆధారపడినవి. నేను మొదట రొయ్యల చెరువుల సామాన్లమ్మే ఒక దుకాణంలో గాజు థర్మామీటరు కొన్నాను. వరసగా మూడు రీళ్ళు చిక్కటి నలుపుతో వచ్చాయి. అంతర్వేది దగ్గర సముద్రం ఒడ్డున తీసిన ఆకాశం నెగెటివ్‌లో తారు పూసినట్టుంది. కారణం తోచక మామయ్యకు చూపిస్తే ఆయన ఫిల్ము వైపు ఒక్కసారి చూసి, "డెవలపర్ ఎక్కువ పట్టింది. ముందు నీ థర్మామీటర్ని జ్వరం థర్మామీటరుతో సరిచూసుకో" అన్నారు. గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి రెండూ ముంచాను. జ్వరం థర్మామీటరు 98.6 చూపిస్తుండగా, అంటే సరిగ్గా 37 డిగ్రీల దగ్గర, నాది 34 చూపించింది. 24 అనుకుని నేను 27 డిగ్రీల దగ్గర కడిగానన్నమాట. ఏ థర్మామీటరు కొన్నా మొదటిరోజే ఈ పరీక్ష చెయ్యాలని గట్టిగా చెబుతున్నాను.

ర్యాపిడ్ ఫిక్సర్ గురించి చెప్పవలసింది తక్కువ. ఒక పాలు ఫిక్సరుకు నాలుగు పాళ్ళ నీళ్ళు కలిపితే రెండు నుంచి అయిదు నిమిషాల్లో పని పూర్తవుతుంది. పాతకాలపు మామూలు హైపో ఫిక్సర్ అయితే ఇంకా ఎక్కువసేపు పట్టేది. కత్తిరించిన ఫిల్ము కొసను వెలుతురులోనే ఫిక్సర్‌లో వేసి, అది ఎంతసేపటికి తేటపడుతుందో చూసి, ఆ సమయానికి రెట్టింపు ఉంచితే ఫిక్సర్ బలం తగ్గిన సంగతి కూడా తెలిసిపోతుంది.

నీళ్ళు మాత్రం మన దగ్గర ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచి డెల్టాలో తాగే నీరూ తడిపే నీరూ కాలువల వెంటే వస్తున్నాయి. వరదల్లో వాటిలో ఒండ్రు కలుస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక బోరునీటి మీద ఆధారపడితే సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పదనం తప్పదు. ఆ నీళ్ళతో చివరి కడుగు కడిగిన ఫిల్ము ఆరాక తెల్లటి చుక్కలు నిలిచిపోతాయి. అందుకని కుళాయి కింద ధారగా కడిగే పద్ధతి మానేసి, ట్యాంకు నింపి అయిదుసార్లు, మళ్ళీ నింపి పదిసార్లు, మళ్ళీ నింపి ఇరవైసార్లు తిప్పి పారబోసే ఇల్ఫోర్డ్ పద్ధతిని పాటిస్తున్నాను. ఒక రీలుకు ఆర్వో నీళ్ళు రెండు లీటర్లు కూడా పట్టవు. చివర వెట్టింగ్ ఏజెంటు రెండు చుక్కలు వేస్తే నీరు ముత్యాలుగా నిలవకుండా జారిపోతుంది. ఫిల్మును మూసిన స్నానాలగదిలోనే వేలాడదియ్యాలి. ఫ్యాను కింద ఆరబెడితే, వరికోతల రోజుల్లో గాలిలో తేలే పొట్టు తడి జెలటిన్‌కు అంటుకుని ఇక వదలదు. వానాకాలంలో ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. ఆరిన నెగెటివ్‌లకు కూడా బూజు భయం ఉంటుంది, వాటినీ సిలికా జెల్ డబ్బాలోనే పెట్టాలి.

ఫలితం మాట. 24 డిగ్రీల దగ్గర పలచన డెవలపర్‌లో వచ్చిన హెచ్‌పీ5 ప్లస్ నెగెటివ్‌లలో నీడలు తేటగా ఉన్నాయి. పంటు రేకు కింద నిలబడ్డ మనుషుల ముఖాలూ, వాళ్ళ వెనక మెరిసే వశిష్ఠ గోదావరి నీళ్ళూ రెండూ ఒకే ఫోటోలో నిలిచాయి. 20 డిగ్రీల దగ్గర ఐసుతో అవస్థపడి కడిగిన రీళ్ళకూ వీటికీ తేడా భూతద్దంతో వెతికినా నాకు కనిపించలేదు. నెలకు ఒక్క రీలైనా కడిగేవారికే ఈ పొడి డెవలపర్ తగినది. ఏడాదికి రెండు మూడు రీళ్ళు తీసేవారి దగ్గర అది సీసాలోనే పాడైపోతుంది. అలాంటివారు చాలాకాలం నిలిచే ద్రవరూప డెవలపర్ తీసుకోవడం మేలు. ట్యాంకు మాత్రం ఒక్కసారి కొంటే చాలు. నలభై రీళ్ళ తరువాత కూడా నా ట్యాంకు మూత చుక్క కారనివ్వడం లేదు.

వాడేసిన ఫిక్సర్ గురించి మా మామయ్య కాలంలోనే ఒక పద్ధతి ఉండేది, దానిలో కరిగిన వెండి కోసం కొనుక్కునేవారుండేవారు. ఇప్పుడు మా ఊరికి అలాంటివారు రావడం లేదు, అయినా దాన్ని తూములో పోయడానికి నాకు మనసొప్పదు. మన ఊళ్ళలో ప్రతి తూమూ ఏదో ఒక బోదెలోకో కాలువలోకో చేపల చెరువులోకో పోతుంది. కరిగిన వెండి నీటిలోని ప్రాణులకు విషం. ఆ ఫిక్సర్‌ను ఒక డబ్బాలో పోసి, అందులో ఇనుప పీచు వేసి కొన్ని రోజులు ఉంచితే, ఇనుము కరుగుతూ వెండి నల్లటి మడ్డిగా అడుగున చేరుతుంది. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ పీచు దీనికి పనికిరాదు, తుప్పుపట్టే మామూలు ఇనుప పీచే కావాలి. ట్యాంకు కొనే రోజునే మూత బిగుతుగా ఉన్న అయిదు లీటర్ల డబ్బా ఒకటి ఇందుకోసం కొని, దానిమీద పెద్ద అక్షరాలతో ‘ఫిక్సర్’ అని రాసి, పిల్లలకు అందని చోట పెట్టుకోవాలి.